కొరియా సారు

శ్రీశైలం సారుకు ఒక మనిషి పేరు వింటేనే ఒళ్ళు మండిపోయేది. తమాషా ఏమిటంటే, ఆ మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. చూడను గాక చూడనని పంతం కూడా పట్టాడు. ఆ మనిషి ఉండేది కొరియాలో. గుంతపల్లి నుంచి కొరియా ఎంత దూరమని అడిగితే బడిలో సోషల్ సారు కూడా తల గోక్కుంటాడు. అయినా ఆ నెలంతా గుంతపల్లిలో ఏ గడప ముందు నిలబడ్డా కొరియా సారు గట్లన్నడు, కొరియా సారు గిట్ల జేసిండు. ఇంకో మాట లేదు.

ఇదంతా గణేష్ నిర్వాకం. అమరచింతకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊరికి కేబుల్ కనెక్షన్లు ఇచ్చేది అతనే. మాపటి పూట తన సొంత ఛానల్లో సీడీలు వేస్తుంటాడు. కరాటే సినిమాలు వెయ్యన్నా, కరాటే సినిమాలు వెయ్యన్నా అని ఊళ్ళో కుర్రాళ్ళు ప్రాణం తోడేస్తుంటే, హైదరాబాదు పోయి ఫుట్‌పాత్ మీద వెతికాడు. ఒక పెట్టె మీద గాల్లోకి ఎగిరిన అమ్మాయి బొమ్మ కనపడింది. చెయ్యి పైకెత్తి ఉంది, పళ్ళు బిగబట్టి ఉంది. ఇంకేం కావాలి, కరాటేనే అనుకుని పెట్టె మొత్తం చంకన పెట్టుకొచ్చాడు మహానుభావుడు. తీరా వేసి చూస్తే అది ఎగిరి తన్నే పిల్ల కాదు, ఎగిరి వాలీబాల్ కొట్టే పిల్ల.

సముద్రం ఒడ్డున ఒక ఊరు, పెచ్చులూడిన బడి, ఆ బడిలో ఎప్పుడు చూసినా ఓడిపోయే ఆడపిల్లల జట్టు, ఆ జట్టుకు ఆట నేర్పే ఒక సారు. రోజుకింత చొప్పున సాగే సీరియల్ అది. కుర్రాళ్ళు గణేష్‌ను బండబూతులు తిట్టి లేచిపోయారు. ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. "ఇది మన బడి ముచ్చటే గదనే! మన పిల్లలు గూడ గిట్లనే గద ఓడిపొయ్యొచ్చేది!" అని లక్ష్మీదేవమ్మ బుగ్గ నొక్కుకుంది. గణేష్ పక్కింట్లో ఉండే ఆ పెద్దమ్మ నచ్చిందంటే ఊరికి నచ్చినట్టే.

ఒక్కటే తంటా వచ్చింది. వాళ్ళు మాట్లాడేది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అప్పుడు లేచింది పావని. అబ్రహాం, ఎస్తేరమ్మల బిడ్డ, పదో తరగతి, బడి వాలీబాల్ జట్టుకు కెప్టెన్. తల్లిదండ్రులు కూలి పనికి పూణే దాకా పోయొచ్చే మనుషులు. ఎస్తేరమ్మ ఊళ్ళో ఉన్నప్పుడల్లా బిడ్డను గద్వాలలో సువార్త సభలకు తీసుకుపోయేది. అక్కడ తెల్లదొర ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఆగుతాడు. పక్కన నిలబడ్డ అయ్యగారు అదే ఊపులో, దొర చెయ్యి ఎత్తితే తానూ చెయ్యి ఎత్తి, దొర గొంతు తగ్గిస్తే తానూ తగ్గించి తెలుగులో చెబుతాడు. పావని ప్రసంగం వినేది కాదు, ఆ అయ్యగారినే నోరు తెరుచుకుని చూసేది. ఆ మొదటి సాయంత్రం గణేష్ వాకిట్లో జనం "ఏమంటుండే వాడు?" అని గోల చేస్తుంటే, పిల్ల నిటారుగా నిలబడి, "సారు ఏమంటుండంటే..." అని ఎత్తుకుంది. ఇంక జనం కిక్కురుమనలేదు.

గణేష్ తెలివిగలవాడు. మరునాడే పావనికి మైకు ఇచ్చి తన ఇంట్లోని కేబుల్ రూములో కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి ఇంటింటి టీవీలో బొమ్మ కొరియాది, గొంతు పావనిది. నీకెట్ల తెలుస్తదే అని అడిగితే, "కింద ఇంగ్లీషుల రాస్తడు గదా, సదివి చెప్త" అనేది. గుంతపల్లి టీవీల్లో ఆ అక్షరాలు చీమల బారులాగా కనబడేవి. బడిలో ఇంగ్లీషు వచ్చిన సార్లందరూ సాయంత్రం బస్సుకే వనపర్తి చేరిపోతారు. ఇక ఎవరు చూడొచ్చారు?

ఊళ్ళో కాపురముండే సారు ఒక్కడే, మన శ్రీశైలం సారు. ఆటల సారు. సొంతూరు బిజినేపల్లి అయినా గుంతపల్లికి బదిలీ మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. పిల్లలు లేరు, ఉన్నదల్లా భార్య సుభద్రమ్మ, బడి వెనక గ్రౌండు. ఆ గ్రౌండులో పల్లేరు కాయలు ఏరింది ఆయన, చిరిగిన నెట్టును యూరియా సంచుల దారంతో కుట్టింది ఆయన, ఆడపిల్లలకు ఆటలేందని కయ్యానికి వచ్చిన తండ్రులను బతిమాలి ఒప్పించింది ఆయన. నోరు మాత్రం ఊరుకోదు. గ్రౌండులో ఆయన మాట్లాడుతుంటే ఎద్దులు కూడా ఇటువైపు రావని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఇంత చేసినా ఏటా వనపర్తి పోటీలకు పోవడం, మొదటి మ్యాచ్‌లోనే ఓడి రావడం.

ఓడినా సరే, ఆ పిల్లలు తనవాళ్ళని ఆయన గుండె నిబ్బరం. ఆ నిబ్బరానికే కొరియావాడు ఎసరు పెట్టాడు.

"ఏందే కావ్యా, మొద్దు లెక్క నిలవడ్డవు? కదులు, కదులు!" అని ఒకనాడు అరిచాడో లేదో, రైతుబిడ్డ కావ్య నడుం మీద చేతులు పెట్టుకుని, "కొరియా సారైతే గిట్ల ఒర్రడు సార్" అంది.

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. సారు మొహం మాడిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మరునాడు ఆయన కూడా మెత్తగా మాట్లాడి చూశాడు. "బేటా, జర మెల్లగ, నిమ్మళంగ ఎయ్యి బంతిని" అన్నాడు. పిల్లలు ఆట ఆపేసి దగ్గరికొచ్చి, "సార్, పానం బాగలేదా? దవాఖానకు పోతరా?" అని అడిగారు.

కొరియా సారు మెడలో ఈలకు ఎర్రదారం ఉంటుందని ఎవరో అంటుంటే విన్నాడు. అమరచింత పోయి ఎర్రదారం కొనుక్కొచ్చాడు. అద్దం ముందు నిలబడి మెడలో వేసుకుని చూసుకున్నాడు. సుభద్రమ్మ చూసి, "కొరియా సారు లెక్కనే ఉన్నవు గద!" అని మురిసిపోయింది. అంతే, దారం తెంపి పొయ్యిలో పారేశాడు.

ఇంట్లో అంతకంటే నరకం. ఆయన సీరియల్ వేళకు ఇంట్లో ఉండేవాడు కాదు. ఏ ఇంటి ముందు నుంచి నడిచినా టీవీలోంచి అదే గోల కాబట్టి, ఊరి బయట గ్రౌండుకు పోయి చీకట్లో ఒక్కడే కూర్చునేవాడు. అంతా అయిపోయాక ఇంటికొస్తే సుభద్రమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ కనిపించేది.

"ఇయ్యాల ఆ కొరియా సారు ఏమన్నడో తెల్సా..."

"నాకు చెప్పకు."

"అరె, ఒక్క ముక్క ఇనరాదు! పిల్ల కింద పడ్డదా, అప్పుడు ఆయన..."

"సుభద్రా, పప్పు ఎయ్యి."

"గంత కోపమేందయ్యా నీకు? ఆ మనిషి నిన్నేమన్న జేసిండా?"

చేశాడు కాబట్టే కదా! చెప్పుకోవడానికి సిగ్గు. అదేమీ కోపం కాదు, ఆత్మగౌరవం అంతకన్నా కాదు, నికార్సయిన అసూయ. అన్నం తింటుంటే గొంతులో అడ్డం పడేది, పడుకుంటే పక్కలో పొర్లేది. తను ఏళ్ళ తరబడి ఎండలో ఎండి సంపాదించుకున్నది, ఏసీ రూముల్లో నటించేవాడెవడో కాలు కదపకుండా తన్నుకుపోయాడు. పోనీ ఊరు పోతే పోయింది, పెళ్ళాం పోతే పోయింది, ఆ పిల్లలు పోతే ఆయనకు ఏముంది?

పోటీలు దగ్గర పడ్డాయి. పిల్లలు మాత్రం పొద్దు వాలకముందే సీరియల్ అని జారుకోవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ఈల గట్టిగా ఊది, "సీరియల్ గావాల్నా, ఆట గావాల్నా? ఇయ్యాల తేలిపోవాలె!" అన్నాడు. తేలిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బంతిని నెట్టు కింద పెట్టి, తలకాయలు వంచుకుని వెళ్ళిపోయారు. చివరిగా పావని నిలబడింది.

"సార్, జర మీరు గూడ చూడుండ్రి సార్. ఒక్క దినం. మీరు చూస్తే..."

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. సారు ఆ మాట మీదే ఈల ఊదాడు. పావని కళ్ళు తిప్పుకుని పోయింది. సారుకు ఏడుపొక్కటే తక్కువ. ఈ పిల్లను ఆరో తరగతిలో చింతకాయలు కొడుతుంటే చూసి, ఆ చేతి విసురు చూసి, ఎస్తేరమ్మ కాళ్ళావేళ్ళా పడి గ్రౌండుకు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ గొంతే వాడి గొంతయింది.

రెండు రోజులకు గణేష్ ఊరంతా చాటాడు, రేపు ఆఖరి సీడీ, ఫైనల్ మ్యాచ్ అని. మరునాడు పొద్దున శ్రీశైలం సారు కేబుల్ రూముకు పోయి, "మా ఇంట్ల బొమ్మ సక్కగొస్తలేదు, వైరు జూడు" అన్నాడు. గణేష్ పాపం వైరు చూడ్డానికి తన మిద్దెక్కాడు. అతను దిగేలోపల, ఆటలో నిజాయితీ ముఖ్యమని ఏళ్ళ తరబడి పిల్లలకు నూరిపోసిన సారు, ఆఖరి సీడీని చొక్కాలో దోపుకుని బయటపడ్డాడు. లోపల్లోపల ఎంత హాయి! ఏడవనీ, గెలిచిండో ఓడిండో తెల్వక ఊరు ఊరంతా ఏడవనీ అనుకున్నాడు.

సుభద్రమ్మ సామాన్లకు అమరచింత పోయింది. సారు తలుపు గడియ పెట్టి, తన పంతాన్ని తనే పక్కకు నెట్టి, ఆ సీడీ వేసి టీవీ ముందు ముక్కు ఆనించి కూర్చున్నాడు.

చూసినకొద్దీ ఆయనకు మతి పోయింది. ఇదా కొరియా సారు? మనిషి మొహం కడిగిన రాయిలాగా ఉంది. నోరు తెరవడు. పిల్లలు ఆడుతుంటే చేతులు కట్టుకుని చూస్తాడు. మధ్యలో ఆట ఆపి పిలిస్తే మూడు ముక్కలు మాట్లాడి మూసుకుంటాడు. ఊరు ఊరంతా కన్నీళ్ళు పెట్టుకునేంత మాటలు ఈ మూగమొద్దు ఎప్పుడు మాట్లాడాడు? అప్పుడు కింద అక్షరాల మీద కన్ను పడింది. ఇంగ్లీషు కాదు. ఏ చైనా రాతో, గడులు గడులుగా, కోడి కెలికినట్టు ఉన్నాయి.

"ఓర్నీ!" అని తొడ చరుచుకున్నాడు సారు. పిల్ల చదవడం లేదు! అంతా కల్పన! నెల రోజులుగా ఊరంతటినీ పిచ్చోళ్ళను చేసింది! ఆయనకు సంతోషం పట్టలేదు. ఈ సాయంత్రమే ఆ సీడీ తీసుకుపోయి, అందరి ముందరా, "ఏదీ, కింద ఏం రాసుందో సదువు" అంటే సరి. కొరియావాడి పరువు దానితో సఫా. పావని పరువు కూడా పోతుందని ఆయనకు తట్టలేదని కాదు. తట్టింది. తట్టినా కాలు ఆగలేదు, అసూయ అట్లాంటిది.

సీరియల్ వేళకు ఊరు అట్టుడికిపోతోంది. ఆఖరి సీడీ మాయమైందని తెలిసి జనం గణేష్ మీద పడ్డారు. వాడు చేసేది లేక, ముందటి రోజు సీడీనే పెట్టి, కొరియా సారు బొమ్మ దగ్గర ఆపి, "నువ్వే ఏదో ఒకటి చెప్పి ముగించు తల్లీ" అని పావని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. శ్రీశైలం సారు సీడీ చేత్తో పట్టుకుని కేబుల్ రూము తలుపు దాకా వచ్చేసరికి, పావని తలుపు వైపు వీపు తిప్పి మైకు పట్టుకుని ఉంది. కావ్య, మిగతా జట్టు పిల్లలు గోడ వారన చేరగిలి కూర్చున్నారు. గణేష్ గోళ్ళు కొరుకుతున్నాడు. ఎవరూ సారును చూడలేదు.

"సారు ఏమంటుండంటే," అంటోంది పావని, గొంతు బొంగురు చేసి. "అరె బేటా, మోకాళ్ళు వంచు. నాట్లేసేటప్పుడు వంగుతవు గదా, గట్ల వంగు, ఇజ్జత్ ఏం పోదు. బంతి నీ మీదికొస్తె భయపడకు, జూరాల గేట్లెత్తినట్టు దాని మీదికి ఉరుకు!"

సారు చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. కొరియాలో జూరాల డ్యామ్ ఎక్కడిది?

"మీ అయ్యలు వద్దన్నా మిమ్ముల తెచ్చుకున్న. మీరు ఓడితె ఓడుండ్రి, గని ఆడకుండ ఓడకుండ్రి."

ఆ బొంగురు గొంతు తనది. ఆ బేటా తనది. మాట మాటకూ నడుమ వచ్చే ఆ చిన్న దగ్గు కూడా తనదే. గ్రౌండు వైపు ఎద్దులు కూడా రావని పిల్లలు నవ్వుకున్న ఆ ఒర్రుడంతా, ఒక్క ముక్క పొల్లుపోకుండా, ఈ పిల్ల దాచుకుంది. కొరియావాడు ఏమంటున్నాడో దానికి ఏం తెలుసు? సారన్నవాడు ఏమంటాడో తెలుసు, అంతే. నెల రోజులుగా సుభద్రమ్మ కళ్ళు తుడుచుకుంది తన మాటలకు. ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు. సంతోషపడాలి కదా? పడ్డాడు. ఆ సంతోషంలోనే మళ్ళీ అసూయ ముల్లులాగా కలుక్కుమంది. నా నోట్లో నుంచి వస్తే ఒర్రుడు, వాని నోట్లో నుంచి వస్తే ముత్యాలా?

"ఆట అయిపోయింది," అంది పావని. "మనోళ్ళు ఓడిపోయిండ్రు."

పక్కింట్లోంచి లక్ష్మీదేవమ్మ "అయ్యో!" అన్నది గోడ ఇవతలకు వినిపించింది.

"బస్సెక్కిండ్రు. పిల్లలందరు ఎనుక సీట్లల్ల కూసున్నరు. ఎవ్వరు మాట్లాడ్తలేరు. అప్పుడు సారొచ్చిండు. సారు ఏమంటుండంటే..."

ఆగిపోయింది. మైకు గుయ్యిమంటోంది. పావని టీవీలోని ఆ ఆగిపోయిన మొహం కేసి చూసింది. మళ్ళీ, "సారు ఏమంటుండంటే..." అని పెదవి తడుపుకుంది. గణేష్ కానియ్యి కానియ్యి అని చేతులు తిప్పాడు. లక్ష్మీదేవమ్మ ఆగలేక, "ఏమన్నడే? చెప్పవేందే పిల్లా!" అని గోడ మీద నుంచి కేకేసింది.

"ఏం అనలే," అంది పావని చివరికి, ఈసారి తన సొంత గొంతుతోనే. "సారు ముందు సీట్ల కూసున్నడు. ఊరొచ్చెదాంక ఎనుకకు తిరిగి చూడలే."

"థూ! గిదేం సారే!" అంది లక్ష్మీదేవమ్మ. ఎదురింట్లో ఎవరో "గింతేనా వీని బతుకు" అన్నారు. శ్రీశైలం సారు నెల రోజులుగా ఏ మాట కోసం చెవి కోసుకున్నాడో ఆ మాట. ఊరు కొరియా సారును తిడుతోంది. ఆ తిట్టు గురి తప్పకుండా వచ్చి ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

పోయిన ఏడు వనపర్తి నుంచి వచ్చిన బస్సు అది. నోరు ఊరుకోని మనిషి, ఆ దారి పొడుగునా పెదవి విప్పలేదు. పిల్లలు ఆయన వీపును చూస్తూ వచ్చారు. మ్యాచ్ పోయిన బాధకంటే ఆ వీపే వాళ్ళను ఎక్కువ బాధ పెట్టి ఉంటుంది. ఆ వీపుకు అవతలి వైపు ఏం జరిగిందో పావనికి తెలియదు. ఓడిననాడు సారన్నవాడు ఏమంటాడో ఆ పిల్లకు చెప్పాల్సినవాడు చెప్పలేదు. లేని మాట ఎక్కడ నుంచి తెస్తుంది?

ఆయన లోపలికి అడుగు పెట్టాడు. జట్టు పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పావని తిరిగి చూసింది. ముందు సారు మొహం చూసింది, తరువాత చేతిలో సీడీ చూసింది, పిల్ల మొహం పాలిపోయింది.

"సార్, ఆ సీడీ..." అన్నాడు గణేష్.

"నేనే తీస్కపోయిన," అన్నాడు సారు. సీడీ బల్ల మీద పెట్టాడు. పావని చేతిలో మైకు ఇంకా నడుస్తూనే ఉంది, ఊరంతా వింటూనే ఉంది. ఇప్పుడు ఆ పిల్లను ఒక్క మాట అడిగితే చాలు, తను ఎందుకు వచ్చాడో ఆ పని అయిపోతుంది. గొంతు సవరించుకున్నాడు.

"ఆ కొరియాయన సంగతి నాకు తెల్వదు," అన్నాడు. "గని ఆ బస్సు సంగతి తెల్సు. కిటికీ తెరిచుండె. గాలి బాగ కొడ్తుండె. కండ్లల్ల... కండ్లల్ల దుమ్ము పడ్డది. అందుకే ఎనుకకు తిరగలే. అంతే. మీ మీద కోపం... అంతే, ఇంకేం లేదు."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. అరవడం తప్ప నేర్చుకోని మనిషి, బల్ల మీది సీడీని అటూ ఇటూ జరిపాడు.

పావని ఆయన మొహంలోకి చూసింది. నెల రోజులుగా టీవీలో ఆ పరాయి మొహాలను ఎట్లా చూసిందో అట్లా, కళ్ళు చిట్లించి, పెదవులు చూసింది, కళ్ళు చూసింది. తరువాత గద్వాల సభలో అయ్యగారిలాగా సారు పక్కకొచ్చి నిటారుగా నిలబడి, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"మన సారు ఏమంటుండంటే," అంది, "ఆ దినం ఏడ్చిండంట. మనం చూస్తమని అటు తిరిగిండంట."

శ్రీశైలం సారు కాదనలేదు.